కెప్టెన్ గడ్డం

పొద్దున్నే షట్టర్ పైకెత్తాక అన్నాచెల్లెళ్ళు ముందు ఒక గొడవ పడాలి, ఆ తర్వాతే అద్దాలు తుడవాలి. ఆ సెలూన్‌లో పద్ధతి అది. నిన్న తువ్వాళ్ళు ఆరేయడం మర్చిపోయింది ఎవరు, దువ్వెనలు నానేసిన నీళ్ళు పారబోయనిది ఎవరు, స్టవ్ మీద నీళ్ళన్నీ ఇగిరిపోయేదాకా పేపర్ చదువుతూ కూర్చున్నది ఎవరు... ఏదో ఒకటి దొరికేది. దొరక్కపోతే మొన్నటిది మళ్ళీ తీసేవాళ్ళు. వీధిలో అందరికీ అది ఎంత అలవాటంటే, ఏ రోజన్నా గొడవ వినపడకపోతే "ఏమిటి, ఇవాళ సెలవా?" అని తొంగిచూసేవాళ్ళు.

అన్నని అందరూ కత్తెరాయన అనేవారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలు ఆయనకన్నా కాస్త చిన్న. ఆమె భర్త లారీ మెకానిక్. ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన పోయాక ఆమె కొట్టు వెనకున్న రెండు గదుల్లోకి, అన్న దగ్గరికే వచ్చేసింది. నీళ్ళు కాచడం, తువ్వాళ్ళు ఉతకడం, బ్రష్షుతో సబ్బు నురుగు కలపడం, కింద పడ్డ జుట్టు ఊడ్వడం ఆమె పనులు. కత్తెరా, కత్తీ అన్నయ్యవి. ఇది వాళ్ళ నాన్న చేసిపోయిన పంపకం. పిల్లలిద్దరికీ ఇంకా పాలపళ్ళు ఊడుతున్న రోజుల్లో, ఆస్తులు రాసిచ్చినంత గంభీరంగా "నురుగు నీది, కత్తి వాడిది" అన్నాడాయన. ఆ మాట మీద ఇద్దరూ ఇన్నేళ్ళు బతికేశారు.

కొట్టులో రెండు కుర్చీలు, ఎదురుగా రెండు అద్దాలు, గోడకి ఆనించి ఒక పొడుగాటి బెంచీ. బెంచీ మీద ఆ పుస్తకం.

దాని గురించి చెప్పాలి. వాళ్ళ చిన్నప్పుడు వారం వారం ఒక బొమ్మల పత్రిక వచ్చేది. సగం సాహసాలు, సగం నవ్వులాట. సముద్రం అడుగున ఆక్టోపస్‌తో కుస్తీ పట్టే డైవరు, కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుక్కునే ప్రొఫెసరు, దొంగని వదిలేసి ప్రతిసారీ పోలీసునే స్తంభానికి కట్టేసే డిటెక్టివు, ఇంకా ఎవరెవరో. వచ్చిన పత్రికలన్నీ నాన్న చెప్పులు కుట్టే దారంతో ఒక్క కుట్టుగా కుట్టి, పాత కుర్చీ తోలు కత్తిరించి అట్ట వేశాడు. తమ వంతు వచ్చేదాకా కూర్చునే వాళ్ళకి అదే కాలక్షేపం. ఊళ్ళో సగం మంది అక్షరాలు కూడబలుక్కున్నది ఆ బెంచీ మీదే. పేజీల అంచులు తలనూనె జిడ్డుతో వెనక అక్షరాలు కనపడేలా అయిపోయాయి. ఐనా ఎవరూ దాన్ని పక్కన పెట్టలేదు.

ఆ పుస్తకం చివరి పేజీలో, పై సగంలో, కెప్టెన్ ఉండేవాడు.

కొండ అంచున ఎండిపోయిన చెట్టు వేరు. దానికి కట్టిన తాడు. తాడు పట్టుకుని రెండు చేతులతో వేలాడుతున్న కెప్టెన్. కాళ్ళ కింద నల్లటి అగాధం. నోటి పక్కన బుడగలో "కాపాడండి!" అనే ఒక్క మాట. మూలన చిన్న అక్షరాల్లో "ఏమవుతుంది? వచ్చే వారం!" అని ఉంది. ఆ వచ్చే వారం రాలేదు. ప్రెస్సు మూతపడింది, పత్రిక ఆగిపోయింది, కెప్టెన్ అలాగే ఉండిపోయాడు.

అదే పేజీ కింది సగంలో వంటాయన. గుండు, బొజ్జ, నెత్తిన తెల్ల టోపీ. ఆయనది ప్రతివారం ఒకే కథ. ఏదో ఒకటి వండుతాడు, అది తగలబడుతుంది, ఆఖరి గడిలో గరిటె పట్టుకుని "ఉప్పు సరిపోయిందా?" అని అడుగుతాడు. అన్నకి కెప్టెన్ అంటే ప్రాణం, చెల్లెలికి వంటాయన అంటే. పత్రిక రాగానే ముందు ఎవరు చదవాలని జుట్లు పట్టుకునేవాళ్ళు. ఆ ఆఖరి పత్రికప్పుడైతే కత్తెరతో ఈ పేజీని అడ్డంగా కోసేసుకుందామని చెల్లెలు తెగించింది కూడా. నాన్న చూసి ఆపాడు కాబట్టి సరిపోయింది. ఆ సంగతి గుర్తుంచుకోండి, ఆ పేజీ అప్పుడు రెండు ముక్కలై ఉంటే ఈ కథే లేదు.

పత్రిక ఆగిపోయిన నెల తర్వాత కెప్టెన్‌కి గడ్డం వచ్చింది.

డైవరుకి రాలేదు, ప్రొఫెసరుకి రాలేదు. వాళ్ళ కథలు ముగిశాయి. కథ ముగిసినవాళ్ళకి ఏమీ పెరగదు. కెప్టెన్ కథ ముగియలేదు గనక అతనికి రోజులు గడుస్తూనే ఉన్నాయి. వంటాయన మాటకొస్తే ఆయన గుండుకీ నున్నటి చెంపలకీ పెరిగేది ఏముంది, రోజంతా గరిటె తిప్పుకుంటూ ఉంటాడు. పుస్తకం మూసి ఉన్నంతసేపూ వాళ్ళ పనులు వాళ్ళవి. తెరిస్తే మాత్రం మర్యాదకి ఎక్కడివాళ్ళు అక్కడ నిలబడేవాళ్ళు.

నాన్న ఆ గడ్డాన్ని చూసి కళ్ళజోడు పెట్టుకున్నాడు. మీసాలు సవరించే బుల్లి కత్తెర తీసి సానపెట్టాడు. "గడ్డం పెరిగినవాడు మన కొట్టుకి రాక ఇంకెక్కడికి పోతాడు?" అన్నాడు. అంతే. అప్పటినుంచి నెలకోసారి కెప్టెన్‌కి క్షవరం. నాన్న పోయాక ఆ పని అన్నకొచ్చింది. చెల్లెలు అగ్గిపుల్లకి దూది చుట్టి ఆవగింజంత నురుగు అద్దుతుంది. అన్న కాగితానికి తగలకుండా కత్తెర ఆడిస్తాడు. సిరా వెంట్రుకలు నల్లటి నలుసుల్లా రాలతాయి, ఆమె తడిదూదితో తుడుస్తుంది. నురుగు తడికి ఆ చోట కాగితం ఉబ్బి గోధుమరంగు తిరిగింది. కుర్చీల్లో జనం ఎంతమంది ఉన్నా, ఆ రోజు మాత్రం "ముందు కెప్టెన్‌ది కానివ్వండి, పాపం చేతులు ఖాళీ లేనివాడు" అని వాళ్ళే అనేవాళ్ళు.

కత్తెరాయనకి పెళ్ళి మాటెత్తితే "ముందు కెప్టెన్‌ని దిగనీ" అనేవాడు. మొదట్లో అది జోకు. తర్వాత తర్వాత అడిగేవాళ్ళు అడగడం మానేశారు, చెప్పేవాడికి జోకని గుర్తులేకుండా పోయింది.

ఇలా ఉండగా, చలికాలంలో ఒకరోజు, కత్తెరాయన కుడిచెయ్యి వణికింది.

చలికేమోలే అనుకున్నాడు. చలి పోయింది, వణుకు పోలేదు. మనిషి గుట్టుగా ఉండటంలో గట్టివాడు. కత్తెర పట్టేముందు మణికట్టుని ఎదుటివాడి భుజం మీద ఆనించేవాడు. ఎవరన్నా నున్నగా కత్తితో గీయమంటే "ఈ రోజుల్లో కత్తెవరికి కావాలండీ, మిషన్ పెడతా, హాయిగా ఉంటుంది" అని తప్పించుకునేవాడు. టీ గ్లాసు సగమే పోయించుకునేవాడు. వీధిలో ఎవరో "చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి" అంటే చాలు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు చెయ్యి జేబులో పెట్టుకునేవాడు.

భయం ఒక్కటే. మెడ దగ్గర కత్తి పట్టేవాడి చెయ్యి వణుకుతుందని తెలిస్తే ఇక ఆ గుమ్మం ఎవడు తొక్కుతాడు? ఆ కొట్టు పోతే తనేమిటి? తెల్లారి లేచి ఎక్కడికి పోవాలి?  ఈ మాట చెల్లెలి దగ్గర కూడా ఎత్తలేదు.

ఆ నెల కెప్టెన్ వంతు వచ్చింది. చెల్లెలు నురుగు అద్దింది. ఆయన ఊపిరి బిగబట్టి కత్తెర ఆడించాడు. చెంపలు అయ్యాయి, గడ్డం కింద ఇంకొక్క కుచ్చు ఉందనగా చెయ్యి ఒక్కసారి ఉలిక్కిపడింది. కత్తెర మొన తాడుకి తగిలింది.

అది మూడు పేటల తాడు. బొమ్మ వేసినాయన ఓపిగ్గా మూడు పేటలూ మెలికలు తిప్పి గీశాడు. అందులో ఒకటి తెగి, రెండు కొసలూ విడిపోయాయి. కెప్టెన్ ఒక వెంట్రుకవాసి కిందికి జారాడు. బుడగలో మాట మాత్రం అదే. అతనికున్న మాట అదొక్కటే.

చెల్లెలు తువ్వాలు తేవడానికి లోపలికెళ్ళి ఉంది. కత్తెరాయన పుస్తకం చప్పున మూసేశాడు.  ఒక మనిషి ప్రాణం తన చేతి కింద తెగబోయిందని, ఆ చెయ్యి ఇక తన మాట వినదని ఆయనకి ఆ క్షణంలో పూర్తిగా అర్థమైంది.

మరుసటి నెల "వచ్చేవారం చూద్దాం" అన్నాడు. వచ్చేవారం "ఇవాళ జనం ఎక్కువ" అన్నాడు. ఆ తర్వాత అసలు ఆ మాటే ఎత్తలేదు. కెప్టెన్ గడ్డం గుండెలదాకా వచ్చింది.

"ఏమయ్యా, కెప్టెన్‌ని గాలికొదిలేశావు?" అన్నాడు లెక్కల మాస్టారు, బెంచీ మీద పేజీ తిప్పుతూ. ఆ కొట్టుకి ఆయన చిన్నప్పటినుంచీ ఖాతా. ఆయనకి తొలి మీసం కత్తిరించింది కూడా వీళ్ళ నాన్నే.

"ఉండనీండి మాస్టారూ, చలికి వెచ్చగా ఉంటుంది."

"ఎండలొచ్చాయి కదయ్యా!"

కత్తెరాయన వినపడనట్టు మిషన్ ఆన్ చేశాడు.

మధ్యాహ్నం కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు చెల్లెలు రెండు గ్లాసుల టీ తెచ్చింది. ఆయన గ్లాసు నిండా పోసింది. కావాలనే పోసింది. ఆయన గ్లాసుకేసి చూశాడు, ఆమెకేసి చూశాడు, ముట్టుకోలేదు.

"చెయ్యి చూపించు అన్నయ్యా."

"నా చేతికేం? రాయిలా ఉంది."

"రాయి టీ ఒలకబోసుకోదు. నిన్న చొక్కా మీద, మొన్న పేపర్ మీద. ఉతికేదాన్ని నేను, నాకు తెలీదా?"

"తెలిసినదానివి నోరు మూసుకుని ఉతుక్కోవచ్చుగా!"

"మూసుకునే ఉన్నా, చలికాలం నుంచీ." ఆమె ఎదురు కుర్చీలో కూర్చుంది. కస్టమర్లు కూర్చునే కుర్చీలో ఆమె కూర్చోవడం ఆయన ఎప్పుడూ చూడలేదు. "కత్తి నాకివ్వు. నువ్వు పక్కన నిలబడి చూడు. నెమ్మదిగా జనానికి అలవాటవుతుంది."

"నాన్న ఏమన్నాడు?"

"నాన్న అన్నాడు, నిజమే. నాన్నకి చెయ్యి వణికిందా ఎప్పుడైనా? వణికుంటే ఇంకోటి అనేవాడు."

"నీకు కత్తి పట్టుకోవడం వచ్చా? గీయించుకున్నవాడి చెవి వాడి చేతిలో పెడతావు."

ఆమె గ్లాసు కింద పెట్టింది. "మీ బావగారికి గడ్డం ఎవరు గీసేవాళ్ళనుకున్నావు?" అంది.

 బావగారి మీద కత్తెరాయనకి చాలా కాలం ఒక కినుక ఉండేది. సొంత బావమరిది సెలూన్ పెట్టుకుని కూర్చుంటే, ఆ మనిషి ఒక్కనాడు కుర్చీ ఎక్కలేదు. పైగా వచ్చినప్పుడల్లా నున్నటి చెంపలతో, అద్దంలా మెరుస్తూ వచ్చేవాడు. ఎవడా పనివాడు, అంత బాగా ఎవడు చేస్తున్నాడు అని ఊళ్ళో సెలూన్లన్నీ మనసులో లెక్కేసుకునేవాడు. అడగడానికి అభిమానం అడ్డొచ్చేది.

"నువ్వా?"

"నేనే. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టా. ఆఖరిసారి, ఆయన పోయిన రోజున కూడా నేనే గీశాను. ఒక్క గాటు పడలేదు." ఆమె కుర్చీ చేతి మీద పడ్డ వెంట్రుక దులిపింది. "చెప్తే నాన్న అరిచేవాడు. నాన్న పోయాక చెప్తే నీ మొహం చిన్నబోయేది. అందుకని ఊరుకున్నా."

ఆయనకి చెల్లెలి మీద జాలేసింది, బావగారి మీద ఇన్నేళ్ళూ మోసిన కినుక తలుచుకుని సిగ్గేసింది. అన్నీ కలిసి కోపంగానే బయటికొచ్చాయి. "నా కొట్టులో నేనుండగా కత్తి ఇంకొకరికివ్వను. అది అయిపోయిన మాట," అన్నాడు. టీ చల్లారిపోయింది.

నాలుగురోజులకి లెక్కల మాస్టారు మళ్ళీ వచ్చాడు. ఆ రోజు ఆయన స్కూల్లో ఆఖరి రోజు. సాయంత్రం వీడ్కోలు సభ. మిషన్ వద్దన్నాడు. "ఇవాళ మీ నాన్న చేసినట్టు కత్తితో కావాలయ్యా. రేపటినుంచి నా మొహం ఎవడు చూస్తాడు గనక!" అని నవ్వుతూ కుర్చీలో వెనక్కి వాలాడు. ఏం చెప్పి తప్పించుకోవాలి? చెల్లెలు నురుగు పూసి, ఒక్కసారి అన్న కళ్ళలోకి చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు.

చెవి కింద, దవడ తిరిగే చోట తెగింది. పెద్ద గాయం కాదు. కానీ తెల్లటి నురుగులో ఎర్రగా పాకింది. మాస్టారు ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. అద్దంలో తన మెడ చూసుకున్నాడు, దాని పక్కనే ఇంకా వణుకుతున్న చేతిని చూశాడు.

"ఫర్వాలేదులే," అన్నాడు.

తిట్టినా బావుండేది. ఆ 'ఫర్వాలేదులే' కత్తెరాయనకి చాలా రోజులు నిద్రపట్టనివ్వలేదు. మాస్టారు ఆ తర్వాత రాలేదు. ఒకరోజు అవతలి ఫుట్‌పాత్ మీద, ఎక్కడో కత్తిరించుకున్న కొత్త జుట్టుతో, ఇటు చూడకుండా గబగబా నడిచిపోయాడు. నోట్లో నువ్వుగింజ నానని ఊరు అది. బెంచీ మీద జనం పల్చబడ్డారు. పొద్దున్నే గొడవ పడటానికి కూడా అన్నాచెల్లెళ్ళకి మనసొప్పలేదు. ఎవరూ తొంగిచూసి "సెలవా?" అని కూడా అడగలేదు.

కెప్టెన్ గడ్డం మాత్రం ఆగలేదు. నడుము దాటింది, మోకాళ్ళు దాటింది, బూట్లు దాటింది. అగాధంలోకి దిగింది. కత్తెరాయన రోజూ పొద్దున పేజీ తీసి చూసేవాడు. చేతికి కత్తెర తీసుకునేవాడు, మిగిలిన రెండు పేటలూ చూసేవాడు, పెట్టేసేవాడు. "క్షమించు నాయనా, నా వల్ల కాదు," అని పైకే అనేవాడు. ఎండలు ముదిరేసరికి గడ్డం బొమ్మ అడుగు గీతని తాకింది. గీత మీద కాసేపు ఆలోచిస్తున్నట్టు చుట్టలు చుట్టుకుంది. ఆ తర్వాత గీత దాటి, రెండు బొమ్మల మధ్యనున్న వేలెడు తెల్లకాగితం మీదుగా వంటాయన వంటగదిలోకి దిగింది.

వంటాయన మొదట చిరాకు పడ్డాడు. పాపం పడడూ మరి, గిన్నెలో వెంట్రుకలు! మర్నాడు తెరిచేసరికి గిన్నె మీద మూత ఉంది. ఇంకోరోజుకి గడ్డాన్ని ఒక పక్కకి తీసి పిండి బస్తా కింద నొక్కిపెట్టాడు. ఆ తర్వాత పైకి చూడటం మొదలుపెట్టాడు. ఎప్పుడు పేజీ తీసినా గరిటె పట్టుకుని, మెడ వెనక్కి వంచి, ఇది ఎక్కడినుంచి వస్తోందబ్బా అన్నట్టు పైకే చూస్తున్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం. కొట్టులో అన్నాచెల్లెళ్ళు తప్ప ఎవరూ లేరు. ఆమె తువ్వాళ్ళు మడతపెడుతోంది. ఆయన బెంచీ మీద పుస్తకం తెరుచుకుని కూర్చున్నాడు. ఉన్నట్టుండి కేక పెట్టాడు.

"వద్దు! వద్దురా, తెగిపోతుంది!"

చెల్లెలు పరిగెత్తుకొచ్చింది. పేజీ తెరిచే ఉంది, అయినా వంటాయన మర్యాదలన్నీ పక్కన పెట్టేశాడు. టోపీ తీసి గూటిలో పెట్టి, పిండి బస్తాలన్నీ ఒకచోటికి లాగి గుట్టగా వేసి, రెండు చేతులతో గడ్డం కొస పట్టుకున్నాడు. నూతిలోంచి చేదతో నీళ్ళు తోడినట్టు లాగుతున్నాడు. పైన కెప్టెన్ మెడ ముందుకి వంగిపోయింది. తాడు బిగిసి, రెండు పేటల్లో ఒకటి పోగులు పోగులుగా విడిపోతోంది. "కాపాడండి!" అనే బుడగ గజగజ వణుకుతోంది.

కత్తెరాయన లేచి బుల్లి కత్తెర అందుకున్నాడు. గడ్డం కోసేస్తే సరి. గడ్డం తెగితే వంటాయన పట్టు పోతుంది, కెప్టెన్ బతుకుతాడు. ఇన్నేళ్ళు చేసిన పనేగా! కత్తెర తెరిచాడు. చెయ్యి వణుకుతోంది. కత్తెర రెండు మొనలూ ఒకసారి గడ్డం దగ్గర, ఒకసారి తాడు దగ్గర తారట్లాడుతున్నాయి.

చెల్లెలు ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఉండు అన్నయ్యా. కొయ్యకు."

"పడిపోతాడే!"

"ఎక్కడ పడతాడు? కింద చూడు. ఏముంది కింద?"

ఆయన చూశాడు. చిన్నప్పటినుంచీ ఆ బొమ్మని కొన్ని వేలసార్లు చూశాడు. కెప్టెన్‌ని చూశాడు, తాడుని చూశాడు, అగాధాన్ని చూశాడు. ఆ అగాధానికి ఒక అడుగు గీత ఉందని, గీత కింద వేలెడు తెల్లకాగితం, దాని కింద వంటగది ఉన్నాయని ఎన్నడూ కలిపి చూడలేదు. అన్న పైబొమ్మ చదివేవాడు, చెల్లెలు కిందిబొమ్మ చదివేది. పేజీ మొత్తం ఇద్దరిలో ఎవరూ చూడలేదు.

ఆయన చెయ్యి ఆమె చేతిలో కొట్టుకుంటూనే ఉంది. దాచుకోవడానికి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. ఇద్దరూ అలాగే నిలబడ్డారు.

కెప్టెన్ తల తిప్పాడు. వంటాయన వైపు కాదు, తాడు వైపు కాదు. పేజీలోంచి బయటికి, కత్తెరాయన వైపు చూశాడు. నాన్న పోయాక నెలనెలా కత్తెరతో తన మొహం మీదికి వంగిన మొహం అది. అందులో ఏం చూశాడో, ఏం వెతికాడో మనకి తెలీదు. కాసేపు చూసి, ఒక్కొక్క వేలే విప్పి, తాడు వదిలేశాడు.

పడటానికి ఎంత దూరం? ఒక వేలెడు. పిండి బస్తాల మీద దబ్బున పడ్డాడు. వంటగదంతా తెల్లగా పిండి లేచి, కాసేపు బొమ్మే కనపడలేదు. అది సద్దుమణిగాక చూస్తే, కెప్టెన్ ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. మొహాన పిండి, గది నిండా గడ్డం. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు కానీ వేళ్ళు ఇంకా తాడు పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. వంటాయన టోపీ పెట్టుకుని, ఒక గిన్నెలో వేడివేడిగా ఏదో పోసి అతని ముందు పెట్టాడు. కెప్టెన్ వంగిన వేళ్ళతోనే గిన్నె ఎత్తి గటగటా తాగేశాడు.

వంటాయన వంగి అడిగాడు, తనకున్న ఒకే ఒక్క మాట.

"ఉప్పు సరిపోయిందా?"

కెప్టెన్ తలూపాడు. పైన, ఖాళీ బొమ్మలో, రెండు పేటల తాడు ఊగుతోంది. బుడగలో మాట లేదు.

కత్తెరాయన బెంచీ మీద కూలబడి ఏడ్చేశాడు. చెల్లెలు ఆయన్ని అలా చూసింది నాన్న పోయినప్పుడే.

"నెలనెలా నేనే కోశానే! వాడికి దిగే దారి పెరుగుతూ ఉంటే, పనివాణ్ణి కదా అని శుభ్రంగా కోసి పారేశాను. ఉపకారం అనుకున్నాను."

"నీకేం తెలుసు? నాకేం తెలుసు? రాలినవన్నీ తుడిచిందాన్ని నేను కాదూ? గడ్డం కనపడితే తీసెయ్యడమే మన ఇంట్లో నేర్పింది." ఆమె ఆయన పక్కన కూర్చుంది. "దిగాడుగా, ఇక ఊరుకో."

కాసేపయ్యాక ఇద్దరూ పేజీకేసి చూశారు. కెప్టెన్ గిన్నె పక్కన పెట్టి, గడ్డం పోగు చేసి ఒళ్ళో వేసుకుని, తల కాస్త పైకెత్తి కూర్చున్నాడు. కుర్చీలో వంతు వచ్చినవాడు ఎలా కూర్చుంటాడో అలా. వాళ్ళిద్దరికీ ఆ కూర్చోవడం పుట్టినప్పటినుంచీ తెలుసు.

కత్తెరాయన కళ్ళు తుడుచుకున్నాడు. లేచి, బుల్లి కత్తెరా, కత్తీ తీసి చెల్లెలి ముందు బల్ల మీద పెట్టాడు.  సబ్బు గిన్నె, బ్రష్షు తను తీసుకున్నాడు.

ఆమె కత్తెర పట్టుకున్న తీరు చూస్తే చాలు, బావగారి చెంపలెందుకలా మెరిసేవో ఆయనకి తెలిసిపోయింది. గుత్తులు గుత్తులుగా సిరా వెంట్రుకలు రాలాయి. నురుగు కావాలని ఆమె చెయ్యి చాపేసరికి ఆయన ఇంకా కలుపుతూనే ఉన్నాడు. ఆయన ఆపాలనుకున్నా చెయ్యి ఆగడం లేదు. బ్రష్షు గిన్నెలో చకచకా కొట్టుకుంటోంది. అడుగున చెంచాడు సబ్బు, దాని మీద నురుగు గిన్నె అంచులు దాటి పైకి లేచింది, మెత్తగా, గట్టిగా, ఒక్క బుడగ లేకుండా.

చెల్లెలు వేలితో కాస్త తీసి చూసింది. "ఇన్నేళ్ళలో నాకెప్పుడూ ఇలా రాలేదే," అంది ఉక్రోషంగా.

"నేర్చుకో మరి," అన్నాడు కత్తెరాయన. చాలా రోజుల తర్వాత మళ్ళీ గొడవ మొదలైంది.

గడ్డం పూర్తిగా తీశాక, కింద నుంచి ముడతలు పడ్డ, ప్రశాంతమైన ఒక ముసలి మొహం బయటికొచ్చింది. ఆ నెల గడిచి ఇంకో నెల వచ్చింది. కెప్టెన్ చెంపలు అలాగే నున్నగా ఉన్నాయి. అతని కథ అయిపోయింది. "ఇక దిగాడుగా, సంబంధాలు చూడనా?" అని చెల్లెలు ఏడిపిస్తే, కత్తెరాయన తువ్వాలు ఆమె మీదికి విసిరాడు.

కుర్చీ వెనక ఆమెని చూసి మొదట్లో ఇద్దరు ముగ్గురు గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగారు. ఒకరు కూర్చున్నారు. కూర్చున్నవాడు చెంపలు తడుముకుంటూ వెళ్ళాడు, వెళ్ళి ఊరుకోడుగా.

ఒక పొద్దున లెక్కల మాస్టారు వచ్చాడు. గుమ్మంలో కాస్త తటపటాయించి, బెంచీ మీద కూర్చుని, పుస్తకం చివరి పేజీ తీశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత లేచి, తనంతట తనే కుర్చీ ఎక్కి, కళ్ళు మూసుకుని మెడ వెనక్కి వాల్చాడు. చెల్లెలు కత్తి తీసింది. పాతగాటు మచ్చ దగ్గర కత్తి నెమ్మదిగా, నీటి మీద నడిచినట్టు నడిచింది. మాస్టారు కళ్ళు తెరిచి, అద్దంలో అటూ ఇటూ చూసుకుని, చెంప తడుముకున్నాడు.

"పని బావుందమ్మా. కానీ ఈ నురుగు ఏమిటి, వెన్నలా ఉంది? ఎవరు కలిపారు?"

"మా అన్నయ్య."

మాస్టారు అద్దంలోంచే కత్తెరాయన వైపు చూశాడు. కత్తెరాయన చెయ్యి జేబులో పెట్టుకోలేదు. గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఆ వణికే చేత్తోనే, తర్వాతి మనిషికి నురుగు కలపడం మొదలుపెట్టాడు.